నౌన్ అంటే పేరని తెలిసినా మార్కులు ఎందుకు పోతున్నాయి?

మీరు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ పరీక్షకు ఏడాదిగా చదువుతున్నానని, నౌన్ నిర్వచనమూ అయిదు రకాలూ కంఠస్థంగా ఉన్నా మాక్ టెస్టుల్లో తప్పు గుర్తించే ప్రశ్నల దగ్గర మార్కులు పోతున్నాయని రాశారు. మిమ్మల్ని తికమకపెట్టిన మూడు వాక్యాలను కూడా ఇచ్చారు. మొదటిది "ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్ వర్ నాట్ గుడ్". రెండవది "హి లెంట్ మీ ఫైవ్ థౌజండ్స్ రూపీస్". మూడవది "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు". ఈ మూడవదాన్ని నౌన్ పాఠం కింద ఎందుకు చేర్చారో అర్థం కాలేదన్నారు. పోటీ పరీక్షలకు ఇంగ్లీషు చెప్పడంలో ఇరవై ఏళ్ళకు పైగా గడిపినవాణ్ణి కనుక, మీ మూడు తప్పులకూ మూలం ఒకచోటే ఉందని నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మీరు నౌన్ అంటే ఏమిటో నేర్చుకున్నారు, వాక్యంలో అది ఏ పని చేస్తుందో నేర్చుకోలేదు. ఈ లోటు మీ ఒక్కరిది కాదు. నేను కూడా తొలి ఏళ్ళలో విద్యార్థుల చేత ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అని పట్టిక వేయించి, అదే పాఠం అనుకునేవాణ్ణి. ఆ పట్టిక వల్ల పరీక్షలో ఒక్క మార్కు కూడా పెరగదని నాకు ఆలస్యంగా తెలిసింది.

"వాటర్" అనే మాటను చూడండి. "ది వాటర్ ఈజ్ కోల్డ్" అన్నప్పుడు అది నౌన్. "వాటర్ ది ప్లాంట్స్" అన్నప్పుడు అదే మాట క్రియ. "ఎ వాటర్ ట్యాంక్" అన్నప్పుడు ట్యాంకు ఎలాంటిదో చెబుతోంది కనుక విశేషణం చేయవలసిన పని చేస్తోంది. మాట మారలేదు, స్థానం మారింది, స్థానంతో పాటు పనీ మారింది. తెలుగులో నామవాచకం తాను చేసే పనిని తన తోకలోనే మోసుకు తిరుగుతుంది. "పులి లేడిని చంపింది" అన్నా, "లేడిని పులి చంపింది" అన్నా చచ్చింది లేడే, ఎందుకంటే "ని" అనే ద్వితీయా విభక్తి ప్రత్యయం ఆ సంగతిని అంటిపెట్టుకుని ఉంది. ఇంగ్లీషులో "ది టైగర్ కిల్డ్ ది డీర్" అనే వాక్యంలో రెండు నౌన్లనూ అటూ ఇటూ మారిస్తే లేడే పులిని చంపినట్లవుతుంది. అక్కడ నౌన్‌కు తోక లేదు, అది నిలబడిన చోటే దాని విభక్తి. తెలుగు మాతృభాషగా గలవారు ఇంగ్లీషు నౌన్ దగ్గర చేసే తప్పుల్లో చాలా భాగం ఈ ఒక్క తేడా నుంచే పుడతాయి.

ఆ చోట్లు ఎన్నో లేవు. క్రియకు ముందు కర్తగా, క్రియ తరువాత కర్మగా, "ఈజ్", "బికేమ్" వంటి క్రియల తరువాత కర్తనే మరో పేరుతో చెప్పే పూరకంగా, "ఇన్", "ఆఫ్", "టు" వంటి ప్రిపొజిషన్ తరువాత దాని కర్మగా, మరో నౌన్ పక్కన దానికి వివరణగా, మరో నౌన్ ముందు విశేషణంగా నౌన్ నిలబడుతుంది. "హి కేమ్ లాస్ట్ మండే" అన్నట్లు, ప్రిపొజిషన్ లేకుండానే కాలాన్ని చెప్పే పని కూడా ఒక్కొక్కసారి చేస్తుంది. ఏ వాక్యం ఇచ్చినా అందులోని ప్రతి నౌన్‌నూ ఈ చోట్లలో ఏదో ఒకదానిలో కూర్చోబెట్టగలిగితే తప్పు ఎక్కడుందో సగం తెలిసినట్లే.

క్రియ తరువాతి చోటు దగ్గర మనవాళ్ళు ఎక్కువగా జారిపోతారు, ఎందుకంటే తెలుగు విభక్తిని ప్రిపొజిషన్‌గా మార్చి ఇంగ్లీషులోకి మోసుకెళ్తారు. మనం "సమస్య గురించి చర్చించారు" అంటాం, కనుక "దే డిస్కస్డ్ అబౌట్ ది ప్రాబ్లమ్" అని రాస్తాం. "గదిలోకి ప్రవేశించాడు" అంటాం, కనుక "ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్" అని రాస్తాం. ఇంగ్లీషులో డిస్కస్, ఎంటర్, రీచ్, రిజెంబుల్, మ్యారీ అనే క్రియలు ఈ అర్థాల్లో నౌన్‌ను నేరుగా తీసుకుంటాయి, మధ్యలో మరో మాట అక్కరలేదు. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. "పాట విన్నాడు" అన్నప్పుడు తెలుగులో విభక్తి కనపడదు, కనుక "హి లిజన్డ్ ది సాంగ్" అని రాస్తాం, అక్కడ "టు" తప్పనిసరి. "నాకు లెక్క వివరించాడు" అన్నది "హి ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ది సమ్" అవుతుంది. "గేవ్ మీ ఎ బుక్" ఒప్పు కదా, ఇది ఎందుకు కాదు అని మీకు అనిపించవచ్చు. గివ్, సెండ్, టెల్ వంటి క్రియల తరువాత రెండు నౌన్లు పక్కపక్కన నిలబడగలవు, ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, అనౌన్స్ అనే క్రియలు ఎవరికో చెప్పే మాటను "టు" లేకుండా రానివ్వవు, కనుక "హి ఎక్స్‌ప్లెయిన్డ్ ది సమ్ టు మీ" అనాలి. ఇది సూత్రానికి లొంగే విషయం కాదు, క్రియతో పాటే గుర్తు పెట్టుకోవాలి.

ఇక మీ మొదటి వాక్యం. అందులో "వర్" బదులు "వజ్" ఉండాలి. కర్త "క్వాలిటీ" అని, అది ఏకవచనమని వివరణలో చదివే ఉంటారు. కానీ సూత్రం తెలిసినా చెవి ఎందుకు మోసపోతోందో ఆ వివరణ చెప్పదు, అది తెలియకపోతే వచ్చే పరీక్షలోనూ మోసపోతారు. తెలుగులో "మామిడిపళ్ళ నాణ్యత" అంటాం. నామవాచకాల గుంపులో అసలు మాట ఎప్పుడూ చివర ఉంటుంది, దానికి వివరణ ఇచ్చే మాటలన్నీ ముందు వస్తాయి. అందువల్ల గుంపులో చివరగా వినిపించిన మాటే పెద్ద అని మన చెవికి చిన్ననాటి నుంచీ అలవాటు. ఇంగ్లీషులో "ఆఫ్"తో కట్టిన గుంపు దీనికి పూర్తిగా తలకిందులు, "క్వాలిటీ" మొదట నిలబడి, "మ్యాంగోస్" చివరకు పోయి క్రియను ఆనుకుని ఉంటుంది. మన చెవి ఆ చివరి బహువచనాన్ని పట్టుకుని "వర్" అనేస్తుంది.

ఈ అలవాటునే మందుగా వాడుకోవచ్చు. వాక్యమంతా అనువదించనక్కరలేదు, క్రియకు ముందున్న నౌన్ గుంపును మాత్రం మనసులో తెలుగులోకి తిప్పండి. చివర ఏ మాట మిగిలితే అదే కర్త, దాని వచనమే క్రియ వచనం. "ది లిస్ట్ ఆఫ్ సెలెక్టెడ్ క్యాండిడేట్స్" అంటే ఎంపికైన అభ్యర్థుల జాబితా, చివర మిగిలింది జాబితా, కనుక "హ్యాజ్". "ఎ బంచ్ ఆఫ్ కీస్" అంటే తాళంచెవుల గుత్తి, కనుక "ఈజ్". విద్యార్థులు ఏళ్ళ తరబడి కలవరపడే "ది నంబర్ ఆఫ్", "ఎ నంబర్ ఆఫ్" తేడా కూడా ఇలాగే విడిపోతుంది. "ది నంబర్ ఆఫ్ అప్లికెంట్స్" అంటే దరఖాస్తుదారుల సంఖ్య, చివర సంఖ్య ఉంది కనుక "హ్యాజ్ ఇంక్రీజ్డ్". "ఎ నంబర్ ఆఫ్ అప్లికెంట్స్" అంటే చాలామంది దరఖాస్తుదారులు, చివర మనుషులున్నారు కనుక "హ్యావ్ కంప్లెయిన్డ్". "ది సెక్రటరీ, ఎలాంగ్ విత్ హిజ్ అసిస్టెంట్స్" అనే గుంపును తిప్పితే "సహాయకులతో పాటు కార్యదర్శి" అవుతుంది. "తో" అనే విభక్తి తగిలిన సహాయకులు కర్త కాలేరు, కార్యదర్శి ఒక్కడే, కనుక "వజ్". "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" కూడా ఇంతే. "నా స్నేహితుల్లో ఒకడు వచ్చాడు" అని తెలుగులో ఎవరూ తప్పుగా అనరు, ఇంగ్లీషులోనూ "ఫ్రెండ్స్" బహువచనం, క్రియ ఏకవచనం. ఈ పద్ధతి "హాఫ్ ఆఫ్", "మోస్ట్ ఆఫ్" వంటి భాగాలు చెప్పే మాటల దగ్గర మాత్రం పనిచేయదు. అక్కడ "ఆఫ్" తరువాతి నౌన్ చెప్పినట్లే క్రియ వింటుంది. "హాఫ్ ఆఫ్ ది మ్యాంగోస్ ఆర్ రాటెన్" అనాలి, "హాఫ్ ఆఫ్ ది మిల్క్ ఈజ్ గాన్" అనాలి.

పాల మాట వచ్చింది కనుక లెక్కించగల నౌన్లు, లెక్కించలేని నౌన్ల గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే మన భాష ఇక్కడ మనల్ని బాగా తప్పుదారి పట్టిస్తుంది. తెలుగులో నిత్య బహువచనాలని బడిలో చదువుకున్నారు. నీళ్ళు వచ్చాయి, పాలు పొంగాయి, గోధుమలు ఆరాయి అంటాం. రూపంలో బహువచనం కనపడని బియ్యాన్ని కూడా "అయిపోయాయి" అనే అంటాం. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, వీట్, రైస్ అన్నీ ఏకవచన క్రియనే తీసుకుంటాయి. "సామాన్లు" అనే అలవాటుతో లగేజెస్ అనీ, "సలహాలు" అనే అలవాటుతో అడ్వైసెస్ అనీ, "వార్తలు" అనే అలవాటుతో "న్యూస్ ఆర్" అనీ వస్తాయి. లగేజ్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, మెషినరీ, సీనరీ, హోమ్‌వర్క్ అనే మాటలకు ఎస్ చేర్చకూడదు, ముందు "ఎ" కూడా పెట్టకూడదు. ఒకటి అని చెప్పవలసి వస్తే "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అనాలి. "న్యూస్" చివర ఎస్ ఉన్నా అది ఏకవచనమే, మ్యాథమాటిక్స్, ఫిజిక్స్, మీజిల్స్ కూడా అంతే.

ఇదే తలకిందులుగా జరిగే చోటు కూడా ఉంది. కత్తెర, కళ్ళజోడు, ప్యాంటు తెలుగులో ఏకవచనాలు. "కళ్ళజోడు పగిలింది" అంటాం, కనుక "మై స్పెక్టకిల్స్ ఈజ్ బ్రోకెన్" అని రాస్తాం. ఇంగ్లీషువారికి అవి రెండు భాగాలు కలిసిన వస్తువులు, కనుక సిజర్స్, స్పెక్టకిల్స్, ట్రౌజర్స్ ఎప్పుడూ "ఆర్". ముందు "ఎ పెయిర్ ఆఫ్" చేరితే అప్పుడు కర్త "పెయిర్" అయిపోతుంది, కనుక "ఈజ్". ఇక ఎస్ లేకుండానే బహువచనమైన మాటలు క్యాటిల్, పోలీస్, పీపుల్. "పోలీసులు వచ్చారు" అనే మన వాడుక ఇక్కడ సాయం చేస్తుంది, "ది పోలీస్ హ్యావ్ అరెస్టెడ్" అనడమే ఒప్పు.

మీ రెండవ వాక్యంలో పొరపాటు సంఖ్య దగ్గర ఉంది. తెలుగులో ఒక వెయ్యి, అయిదు వేలు అంటాం. అంకె పెరిగితే వెయ్యి కూడా బహువచనమవుతుంది. ఇంగ్లీషులో ముందు కచ్చితమైన అంకె ఉంటే హండ్రెడ్, థౌజండ్, డజన్ మారవు, కనుక "ఫైవ్ థౌజండ్ రూపీస్", "టూ డజన్ ఎగ్స్". అంకె లేకుండా లెక్కలేనంత అని చెప్పినప్పుడే "థౌజండ్స్ ఆఫ్ పీపుల్". మనం "వేలాది మంది" అనే సందర్భమే అది. వేలాది అనగలిగిన చోట ఎస్ ఉంటుంది, అయిదు వేలు అన్న చోట ఉండదు.

దీనికి పక్కనే ఉన్న మరో గొయ్యి విశేషణంగా పనిచేసే నౌన్. "రెండు గంటల ప్రయాణం", "అయిదేళ్ళ పిల్ల", "పది కిలోమీటర్ల పరుగు" అని మనం బహువచనమే వాడతాం. ఇంగ్లీషులో ఒక నౌన్ మరో నౌన్ ముందు నిలబడి అంకెతో కలిసి దాన్ని వర్ణిస్తున్నప్పుడు ఏకవచనంలోనే ఉంటుంది, మధ్యలో చిన్న గీత ఉంటుంది. కనుక "ఎ టూ-అవర్ జర్నీ", "ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్". అదే మాట క్రియ తరువాతకు వెళ్ళిందంటే విశేషణపు పని పోతుంది, ఎస్ తిరిగి వస్తుంది, "ది గర్ల్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్" అంటాం. "టూ అవర్స్ జర్నీ" అని అపాస్ట్రఫీతో రాసిన రూపం కూడా ఒప్పే, కానీ అపాస్ట్రఫీ ఎస్ తరువాత ఉండాలి, ముందు "ఎ" ఉండకూడదు.

సమూహాన్ని చెప్పే కలెక్టివ్ నౌన్ల మీద అభ్యర్థులు అవసరానికి మించి భయపడుతుంటారు. కమిటీ, జ్యూరీ, టీమ్ ఒక్కమాటగా పనిచేస్తే ఏకవచనం, సభ్యులు విడిపోయి తలొక మాట అంటే బహువచనం. వాక్యంలో "యునానిమస్" ఉందా, "డివైడెడ్" ఉందా అని చూస్తే చాలు. "స్టాఫ్" మాత్రం జాగ్రత్త. మన ఆఫీసుల్లో ఒక ఉద్యోగిని చూపించి "ఆయన మా స్టాఫ్" అనడం అలవాటు. పరీక్షలో "హి ఈజ్ ఎ స్టాఫ్" తప్పు, "ఎ మెంబర్ ఆఫ్ ది స్టాఫ్" ఒప్పు. "కజిన్ బ్రదర్" కూడా ఇలాంటిదే, కజిన్ అంటే చాలు. రైలు పెట్టెలో చోటు లేదని చెప్పడానికి "ప్లేస్" వాడితే తప్పు, "రూమ్" గానీ "స్పేస్" గానీ వాడాలి. లాటిన్, గ్రీకుల నుంచి వచ్చిన మాటల్లో క్రైటీరియన్‌కు క్రైటీరియా, ఫినామినన్‌కు ఫినామినా బహువచనాలు. పరీక్ష రాసేవారు పడేది ఎక్కువగా "దిస్ క్రైటీరియా ఈజ్" అనే ఉచ్చులోనే.

ఇంగ్లీషులో నౌన్ ముందు వచ్చే ఎ, యాన్, ది అనే ఆర్టికల్స్ తెలుగులో లేవు కనుక ఆ లోటు నౌన్ మీదనే పడుతుంది. ఆర్టికల్స్ గురించి పుస్తకాల్లో పదుల కొద్దీ సూత్రాలుంటాయి గానీ, ముందుగా ఒక్కటి చాలు. లెక్కించగల నౌన్ ఏకవచనంలో ఒంటరిగా నిలబడలేదు, దాని ముందు ఎ, ది, మై, దిస్, ఎవ్రీ వంటి మాట ఏదో ఒకటి ఉండాలి. "ఐ బాట్ బుక్" అనే వాక్యం చదివినప్పుడు ఆ "బుక్" పక్కన ఖాళీ కనిపించాలి. "ఎట్ హోమ్", "బై బస్" వంటి స్థిరపడిన పలుకుబళ్ళు మినహాయింపులు, అవి వాడుకలో పట్టుబడతాయి.

పేరాలో ఖాళీలు నింపమనే క్లోజ్ టెస్టులో ఈ దృష్టి మరింత ఉపయోగపడుతుంది. ఖాళీకి ముందు "ది" ఉండి తరువాత "ఆఫ్" ఉంటే అక్కడ నౌన్ తప్ప మరేదీ కూర్చోలేదు. నాలుగు జవాబుల్లో డిసైడ్, డిసైసివ్, డిసైసివ్లీ, డెసిషన్ ఉన్నాయనుకోండి, అర్థం తెలియకపోయినా షన్ అనే తోకను చూసి నాలుగవది గుర్తించగలరు. మెంట్, నెస్, ఇటీ, హుడ్, షిప్ అనే తోకలు కూడా నౌన్‌కు గుర్తులే. అడ్వైస్ నౌన్, అడ్వైజ్ క్రియ అనే తేడా ఒక్క అక్షరానిది, చివర స అని పలికితే నౌన్, జ అని పలికితే క్రియ. సీజీఎల్ మొదటి అంచె పరీక్షలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు జవాబుకు అర మార్కు కోత ఉంటాయి కనుక, ఊహించి పెట్టే జవాబుకూ స్థానం చూసి పెట్టే జవాబుకూ తేడా మార్కుల్లోనే తెలుస్తుంది.

ఇప్పుడు మీ మూడవ వాక్యానికి వస్తాను, ఎందుకంటే ఇంతవరకు చెప్పినది అర్థమైతే దానికి జవాబు మీరే చెప్పగలరు. "టు" కనపడగానే తరువాత క్రియ మొదటి రూపం రావాలని మీరు నేర్చుకున్నారు, అందుకే "టు మీట్" మీకు ఒప్పుగా తోచింది. కానీ ఇంగ్లీషులో "టు" రెండు రకాలు. "ఐ వాంట్ టు గో"లోని టు క్రియకు ముందు నిలిచే గుర్తు. "ఐ వెంట్ టు ది మార్కెట్"లోని టు ప్రిపొజిషన్, దాని తరువాతిది నౌన్ చోటు. ఏది ఏదో తెలుసుకోవడానికి ఆ చోట ఒక మామూలు నౌన్‌ను పెట్టి చూడండి. "ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ది హాలిడేస్" అనగలుగుతున్నాం కనుక అది నౌన్ చోటు. "ఐ వాంట్ టు ది హాలిడేస్" అనలేం, కనుక అది కాదు. నౌన్ చోటులో క్రియ కూర్చోవాలంటే నౌన్ వేషం వేసుకోవాలి, ఆ వేషమే ఐఎన్‌జీ రూపం. తెలుగులో "కలుసుకొను" అనే క్రియ "కలుసుకోవడం" అయినప్పుడు కర్తగానూ కర్మగానూ నిలబడినట్లే, "మీట్" అక్కడ "మీటింగ్" అవుతుంది. అందువల్ల "లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు". "హి ఈజ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ", "విత్ ఎ వ్యూ టు ఇంప్రూవింగ్", "షి అబ్జెక్టెడ్ టు బీయింగ్ ట్రీటెడ్ లైక్ ఎ చైల్డ్" అనే వాక్యాల్లోనూ ఇదే జరుగుతోంది. వాటిలోనూ "టు" తరువాత ఒక మామూలు నౌన్‌ను పెట్టి, కుదురుతుందో లేదో చూసుకోండి.